పాజిటివ్‌గా ఉండమంటారు సరే, ఎలా ఉండాలో చెప్పరే

"కాస్త పాజిటివ్‌గా ఆలోచించరా" అని మీకెవరైనా చెప్పారా ఎప్పుడైనా? చెప్పే ఉంటారు. నాకైతే చెప్పనివాళ్లు లేరు, చెప్పిన ప్రతిసారీ సరే సరే అని తలూపేవాణ్ణి, తర్వాత ఇంటికొచ్చి మళ్లీ అదే పుస్తకం తెరిచి అదే పేజీ దగ్గర ఆగిపోయి అదే విసుగుతో మూసేసేవాణ్ణి. ఆలోచనేమన్నా లైట్ స్విచ్చా, వేస్తే వెలగడానికి? పైగా పాజిటివ్‌గా ఆలోచించలేకపోతున్నానే అని ఇంకో దిగులు, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు.

చాలా ఆలస్యంగా తెలిసిందేంటంటే మనం వరస తిరగేసి పట్టుకున్నాం. ముందు నమ్మకం రావాలి, ఆ తర్వాత పని మొదలుపెడదాం అనుకుంటాం. జరిగేది ఉల్టా. ముందు ఏదో చిన్న పని అవ్వాలి, అయ్యిందని మన కళ్లకే కనపడాలి, నమ్మకం దాని వెనకాల నింపాదిగా వస్తుంది. ఇదేం నా సొంత కనిపెట్టుడు కాదు లెండి, ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్ 1977లోనే రాశాడు, "ఇది నేను చెయ్యగలను" అనే నమ్మకం మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుందో. స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, పక్కనోళ్లు ధైర్యం చెప్పడం, ఆ టైమ్‌లో మన ఒంట్లో ఎలా ఉందన్నది, ఇలా నాలుగు దారులు చెప్పి అందులో మొదటిదే అన్నిటికంటే గట్టిదన్నాడు. మనం మాత్రం మూడోదాన్నే పట్టుకు వేలాడుతుంటాం, అందుకే మోటివేషన్ వీడియోలు చూస్తున్నంతసేపు ఒళ్లు పులకరిస్తుంది, ఫోన్ పక్కన పెట్టగానే చప్పున చల్లారిపోతుంది.

కాబట్టి ఇక్కడ ఆలోచనలు మార్చుకోమని నేను చెప్పను. కొన్ని పనులు చెప్తా, చదువుకైనా ఉద్యోగానికైనా ఇంకేదైనా కొత్త విషయం నేర్చుకోడానికైనా అవే పనులు. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. ఫోన్‌లో రాసుకుంటా అంటే మీ ఇష్టం, నేను మాత్రం వద్దనే అంటా, నోట్స్ యాప్ తెరవబోయి ఇంకెక్కడికో పోతాం.

మొదటి పని: మీ గురించి మీరు అనుకునే మాటని కాగితం మీద పెట్టండి, తర్వాత దాన్ని కత్తిరించండి

అందరికీ ఒక మాట ఉంటుంది. "నాకు లెక్కలు రావు", "నాకు ఇంగ్లీష్ రాదు", "నేను నలుగురిలో మాట్లాడలేను", "నా వల్ల ఏదీ పూర్తవ్వదు". ఉన్నది ఉన్నట్టు రాసేయండి, మర్యాదగా మార్చి రాయొద్దు.

రాశాక దాన్ని తిప్పేసి "నాకు లెక్కలు బ్రహ్మాండంగా వచ్చు" అని రాయమంటారు కొందరు. అలా రాసుకుంటే లోపల ఇంకో గొంతు పకాల్న నవ్వుతుంది. నేను చెప్పేది వేరే. ఆ మాట నిజంగా ఎంత మేరకి నిజమో అంత మేరకే కత్తిరించండి.

మా అన్నయ్య కూతురు, ఆరో తరగతి, ఒకరోజు నోట్‌బుక్ విసిరేసి వచ్చి "నాకు లెక్కలు రావు బాబాయ్, రావు అంతే" అంది. సరే కూడికలు రావా అన్నా. వస్తాయంది. ఎక్కాలు? వస్తాయంది. మరి ఏం రావు? నోట్‌బుక్ తీసి చూపించింది, భిన్నాల లెక్క, 1/2 + 1/3, జవాబు 2/5 అని రాసుకుంది, దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. పైవాటిని పైవాటితో కూడింది, కిందవాటిని కిందవాటితో కూడింది, ఆ పిల్ల లాజిక్ ఆ పిల్లకి ఉంది. తప్పని చెప్పకుండా ఒక కాగితం పొడుగ్గా చించి ఇచ్చి సగానికి మడవమన్నా. మడిచింది. ఇది 1/2 కదా, నువ్వు రాసిన 2/5 ఎంతుంటుందో ఇంకో కాగితం మీద అయిదు భాగాలు గీసి చూడు అన్నా. స్కేల్ తెచ్చి గీసింది, రెండు భాగాలకి రంగు వేసింది, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది, ఒక నిమిషం మాటా పలుకూ లేదు. తర్వాత "అదేంటి బాబాయ్, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిపోయిందేంటి" అంది. ఆ ప్రశ్న అడిగిన పిల్లకి లెక్కలు రావని ఎలా అంటాం చెప్పండి?

ఆ రోజు నోట్‌బుక్ చివరి పేజీలో దాని చేతే రాయించా, "హారాలు వేరేగా ఉంటే భిన్నాలు కూడటం నాకు రావట్లేదు" అని. అంతే. "లెక్కలు రావు" అంటే కొండ, దానికి ఎవరేం చెయ్యగలరు. ఇదైతే ఒక సాయంత్రం పని, క.సా.గు. తియ్యడం గుర్తు చేస్తే 3/6 + 2/6, జవాబు 5/6, అయిపోయింది. మాటలో ఉన్న బాధ తీసెయ్యమని నేను అనట్లేదు, దాని సైజు సరిగ్గా రాయమంటున్నా.

మీ మాట కూడా ఇలాగే అడుగుతూ పోండి. ఇంగ్లీష్ రాదు అంటే చదవడం రాదా, చదివితే అర్థమవుతుందా, మరి మాట్లాడేటప్పుడా, అందరితోనా లేకపోతే పై ఆఫీసర్‌తో మాట్లాడేటప్పుడే నోరు పడిపోతుందా. చివరికి ఒక చిన్న, బోరింగ్ వాక్యం మిగులుతుంది. ఆ బోరింగ్ వాక్యమే మీకు కావాల్సింది. తేదీ వేసి పెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

రెండోది: ఈ రోజే, ఖచ్చితంగా నెగ్గే సైజుకి పనిని తగ్గించండి

ఇక్కడ నా గొడవ చెప్పాలి. నేను 37 ఏళ్లొచ్చాక ఈత నేర్చుకోడానికి వెళ్లా. చిన్నప్పుడు ఒకసారి నీళ్లలో మునిగి బయటపడ్డ అనుభవం ఒకటుంది, అప్పట్నుంచి నడుము దాటి నీళ్లొస్తే కాళ్లలో వణుకు. మొదట వెళ్లినచోట కోచ్ మొదటిరోజే లోతు వైపు దూకమన్నాడు, భయం పోవాలంటే అదే మందన్నాడు, దూకా, రెండు గుటకలు నీళ్లు మింగి గోడ పట్టుకుని పైకొచ్చి బ్యాగ్ సర్దుకుని వచ్చేశా, మళ్లీ రెండేళ్లు ఆ ఊసెత్తలేదు. ఆ రెండేళ్లూ ఎవరడిగినా ఒకటే జవాబు, ఈత మన ఒంటికి పడదండీ అని.

రెండోసారి దొరికిన కోచ్ పెద్దాయన, నన్ను నీళ్లలోకే రమ్మనలేదు. గట్టు మీద కూర్చోబెట్టి మగ్గుతో నీళ్లు నా మొహం మీద పోసి, కళ్లు తెరిచి ఉంచమన్నాడు. అంతే ఆ రోజు క్లాస్. మర్నాడు మెట్ల మీద నిలబడి మొహం నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం. పక్కన ఏడేళ్ల పిల్లలు చేపల్లా పోతుంటే నేను బుడగలు ఊదుతున్నా, సిగ్గు అనిపించింది, దాచుకోవడమెందుకు. కానీ ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పగలిగేవాణ్ణి, ఈ రోజు 20 సార్లు ఊదా, నిన్న 5 సార్లే అని. నాలుగో రోజు గోడ పట్టుకుని తేలడం, పదో రోజుకి గోడ వదిలేసి 3 సెకన్లు. భయం ఎప్పుడు తగ్గిందో నాకు తెలీదు, తగ్గించడానికి నేనేం చెయ్యలేదు కూడా, బుడగలు లెక్కపెట్టుకుంటూ పోయానంతే.

దీనికో శాస్త్రం వైపు కథ కూడా ఉంది, నాకు చాలా నచ్చిన కథ. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద చేసిన ప్రయోగం ఒకటి (క్రూరమైందే, ఇప్పుడైతే అలాంటివి ఒప్పుకోరు). ఏం చేసినా షాక్ ఆగని పరిస్థితిలో ఉంచిన కుక్కల్లో చాలావరకు, తర్వాత తప్పించుకునే దారున్నా కదలకుండా పడుండేవి. నిస్సహాయతని కూడా నేర్చుకుంటారు అని దశాబ్దాల పాటు పుస్తకాల్లో చదివించారు. 2016లో ఆ ఇద్దరే మెదడు పరిశోధనలన్నీ చూసి, మేం తిరగేసి చెప్పాం అని ఒప్పుకున్నారు. కష్టం చాలాసేపు ఆగకుండా ఉంటే చతికిలపడటమే ప్రాణికి మొదట్నుంచీ ఉన్న పద్ధతట, "నేను చేస్తే మారుతుంది" అన్నదే నేర్చుకోవాల్సిన విషయమట. నాకు అప్పుడు అర్థమైంది, మీరు డల్‌గా ఉన్నారంటే మీలో ఏదో పాడైపోయిందని కాదు, ఆ రెండో పాఠం ఇంకా అందలేదంతే. అది ఉపన్యాసాలతో అందదు, చెయ్యి వేస్తే ఏదో ఒకటి కదిలిందని మీకు తెలియాలి, దానికే బుడగలు.

మరి ఎంత చిన్నది? నా కొలత ఇది: జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు కూడా చెయ్యగలిగేంత. రోజుకి రెండు గంటలు చదువుతా అని మొదలుపెట్టకండి, అది ఆరంభ శూరత్వం, నాలుగో రోజుకి చచ్చిపోతుంది. ఒక పేజీ. ఒక లెక్క. అయిదు కొత్త మాటలు. ఎక్కువ చెయ్యాలనిపిస్తే చేసుకోండి, కానీ రాసుకునే టార్గెట్ మాత్రం పెంచొద్దు, కనీసం మూడు వారాలు.

మూడోది: ఎప్పుడు, ఎక్కడ, ఏదడ్డొస్తే ఏం చేస్తారు

"రేపట్నుంచి చదువుతా" అనేది ప్లాన్ కాదు, కోరిక. "రాత్రి పళ్లు తోముకున్నాక, కిటికీ పక్కన కుర్చీలో, ఒక లెక్క" అనేది ప్లాన్. పీటర్ గోల్విట్జర్ అనే ఆయన దీని మీద 1990ల నుంచీ పరిశోధనలు చేస్తున్నాడు, 1997లో ఒక దాంట్లో స్టూడెంట్లకి సెలవుల్లో ఒక రిపోర్ట్ రాయమని చెప్పి, కొందరి చేత మాత్రం ఎప్పుడు ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాయించుకుంటే, వాళ్లలో పూర్తి చేసినవాళ్లు మిగతావాళ్లకి రెట్టింపుకి పైనే ఉన్నారు. చెప్పిన పని ఒకటే, తేడా ఒక వాక్యం.

ఇంకోటి, అయిపోయినట్టు ఊహించుకోండి, గెలిచినట్టు కళ్లు మూసుకుని చూడండి అని చెప్తారే, దాంతో జాగ్రత్త. గాబ్రియేల్ ఓటింగెన్ అనే సైకాలజిస్ట్ 1991లో బరువు తగ్గే ప్రోగ్రాంలో చేరిన ఆడవాళ్లని గమనిస్తే, తగ్గగలను అన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగానే తగ్గారు, కానీ సన్నబడిపోయినట్టు తియ్యటి ఊహల్లో తేలిపోయినవాళ్లు తక్కువ తగ్గారు. రెండూ ఒకటే అనిపిస్తాయి, కావు. ఊహలోనే విందు తినేస్తే ఇంక వంటింట్లోకి ఎవరు పోతారు. అందుకని ఊహించుకోండి, వద్దనను, ఊహించుకున్న వెంటనే "మరి అడ్డొచ్చేది ఏంటి" అని కూడా రాయండి. నాకు అడ్డొచ్చేది ఫోన్. కాబట్టి నా వాక్యం: "ఫోన్ చేతిలోకి వస్తే, లేచి దాన్ని వేరే గదిలో పెట్టొచ్చి కూర్చుంటా." సిల్లీగా ఉంటుంది. ఉండనివ్వండి.

నాలుగోది, ఇది చాలామందికి తెలీదు: మీ బుర్ర మీద కోపం కాదు, మీ పద్ధతి మీద పెట్టుకోండి

చదువంటే విరక్తి వచ్చినవాళ్లని కదిపి చూడండి, పదిమందిలో ఎక్కువమంది కథ ఒకటే ఉంటుంది: ఎంత చదివినా గుర్తుండట్లేదు, కాబట్టి నేను మొద్దుని. ఆ "కాబట్టి" దగ్గరే ఉంది తప్పంతా.

మర్చిపోవడం రోగం కాదండీ. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం పర్థం లేని చిన్న చిన్న అక్షర ముక్కల్ని తనే బట్టీ పట్టి, తన మీదే కొలుచుకుని, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో రాసి ప్రచురించాడు. ఒక గంట తిరిగేసరికే సగానికి పైగా పోయింది, ఒక రోజుకి మూడో వంతు మిగిలింది. ఆయన మొద్దు కాదు కదా మరి.

తప్పు ఎక్కడంటే, చదివిందే మళ్లీ మళ్లీ చదవడం, కింద గీతలు గీయడం, రంగు పెన్నుతో పూయడం. చదువుతున్నప్పుడు హాయిగా సాగిపోతుంది, ఆహా వచ్చేసింది అనిపిస్తుంది, అదే మోసం. కళ్లు గుర్తుపట్టడం వేరు, పుస్తకం మూసి బయటికి తియ్యడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు దీన్ని చక్కగా చూపించారు: స్టూడెంట్లకి ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని మూసేసి గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్లకి 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకి 56 శాతం. అంటే ఏంటి, ఆ రోజుకి కష్టంగా, చేతకానట్టు అనిపించిన పద్ధతే వారం తర్వాత పనికొచ్చింది, సుఖంగా అనిపించింది మోసం చేసింది.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ఒక పేజీ చదవండి, మూసేయండి, గుర్తున్నది నాలుగు ముక్కలు రాయండి. మొదట్లో ఘోరంగా ఉంటుంది, రెండు లైన్లు కూడా రావు, పెన్ను పట్టుకుని గోడ వైపు చూస్తుంటారు. ఆ గోడ చూసే టైమే అసలు చదువు. తర్వాత తెరిచి ఏం వదిలేశారో చూసి అది మాత్రం దిద్దుకోండి. మర్నాడు పుస్తకం తెరవకముందే నిన్నటిది మళ్లీ రాయండి, తర్వాత మూడు రోజులకోసారి, తర్వాత వారానికి. నేను ఒక కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల్సొచ్చినప్పుడు వీడియోలు చూస్తూ తలాడించి, అంతా అర్థమైందనుకుని, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు, అదే వీడియో ప్రతి 3 నిమిషాలకీ ఆపేసి చూడకుండా చేసి చూడటం మొదలుపెట్టాక వారంలో చేతికొచ్చింది.

ఒక సంగతి. ఇలా చేస్తే మీకు తప్పులు ఎక్కువ కనపడతాయి, తగ్గవు. ముందు నుంచే అనుకుని ఉండండి, లేకపోతే మొదటి రెండు రోజుల్లోనే "చూశావా నాకు రాదు" అనే పాత పాట మొదలవుతుంది.

అయిదోది: తప్పిపోయిన రోజుకి ఏం చెయ్యాలో ఇప్పుడే నిర్ణయించుకోండి

తప్పుతుంది. అందరికీ తప్పుతుంది. 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అని ఎక్కడ చూసినా ఉంటుంది కదా, నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో వేసిన ఒక పరిశోధనలో ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజుల్లోనే అయ్యేలా ఉంది, కొందరికి 254 దాకా పట్టేలా ఉంది. 22వ రోజున ఇంకా బలవంతంగానే కూర్చుంటున్నారంటే మీరు తేడా మనిషేం కాదు. అదే పరిశోధనలో నాకు ఇంకా నచ్చింది ఏంటంటే, మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. దెబ్బకొట్టేది ఆ ఒక్క రోజు కాదండీ, ఆ రాత్రి మనల్ని మనం తిట్టుకోవడం.

తిట్టుకుంటేనే దారికొస్తాం అనుకుంటాం, నేనూ అనుకున్నా. 2010లోనే ఇంకో చిన్న పరిశోధనలో పరీక్షకి చదవకుండా వాయిదా వేసిన స్టూడెంట్లని చూస్తే, పోన్లే అని తమని తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. ఎందుకంటే తిట్లు తిన్న పుస్తకం దగ్గరికి పోవాలని ఎవరికుంటుంది. తప్పిన రోజు ఎదురుగా నోట్‌బుక్‌లో ఒక చుక్క పెట్టండి, కారణం రెండు మాటల్లో రాయండి, మర్నాడు మామూలు సైజులోనే చెయ్యండి. నిన్నటి బాకీ కూడా కలిపి డబుల్ చెయ్యకండి, అప్పు తీర్చినట్టు చదవడం మొదలుపెడితే అది చదువు కాదు.

ఆరోది: రాత్రి పూట ఒక లైన్, కారణంతో సహా

ఇప్పటిదాకా చదువు, ఇది బతుకు గురించి. రోజంతా పది పనులు బాగా జరిగి ఒకడు ఒక మాట అంటే పడుకున్నాక ఏది తిరుగుతుంది తలలో? ఆ మాటే. 2001లో బామైస్టర్, ఆయన తోటివాళ్లు ఎన్నో పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూసి చెడు మంచికంటే బలంగా పట్టుకుంటుంది అని తేల్చారు. అంటే మన తరాజు ముందే ఒక పక్కకి వంగి ఉంది, దాన్ని సరిచెయ్యడానికి రెండో పక్కన చేత్తో బరువు వెయ్యాలి. 2005లో సెలిగ్‌మన్ వాళ్లే ఒక వారం పాటు రోజూ మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాయమంటే, రాసినవాళ్లలో ఆ తేడా ఆరు నెలల దాకా కనపడింది.

నాకు మూడు ఎక్కువైపోయాయి, మూడోదానికి ఎప్పుడూ "వాతావరణం బాగుంది" అని రాసేవాణ్ణి, అంటే రాయాలి కాబట్టి రాయడం. అందుకని ఒకటే. కానీ "ఎందుకు" అనేది వదలను. "ఈ రోజు మీటింగ్‌లో నోరు విప్పా" అని రాసి ఆపితే సగమే, "ఎందుకంటే నిన్న రాత్రే ఒక ప్రశ్న కాగితం మీద రాసి పెట్టుకున్నా" అనేది రెండో సగం. రేపు మళ్లీ చెయ్యాలంటే పనికొచ్చేది ఆ సగమే. కొన్ని రోజులు రాయడానికేం ఉండదు, ఆ రోజు ఖాళీ వదిలేయండి. లేని ఆనందం రాసుకుంటే నోట్‌బుక్ కూడా అబద్ధాలాడుతుంది ఇంక.

ఏడోది చుట్టూ ఉన్న మనుషులు, ఇది త్వరగా చెప్పేస్తా

మీకంటే చాలా ముందున్నవాళ్లని కాకుండా, మీకంటే ఒక రెండు మెట్లు పైనున్నవాళ్లని పట్టుకోండి. టాపర్‌ని చూస్తే గుండె జారుతుంది. మొన్నటిదాకా మీలాగే తంటాలు పడి ఈమధ్యే గట్టెక్కినవాడిని చూస్తే "వీడికే వచ్చిందా, అయితే నాకూ వస్తుంది" అనిపిస్తుంది, బందూరా చెప్పిన రెండో దారి ఇదే. డౌట్ కూడా వాళ్లనే అడగండి, ఎక్కడ తట్టుకుని పడ్డారో వాళ్లకి ఇంకా గుర్తుంటుంది.

ఇంట్లో పిల్లలుంటే ఒక్కమాట. "నువ్వు భలే తెలివైనదానివే" అని పొగడటం ప్రేమతోనే చేస్తాం. 1998లో ముల్లర్, కరోల్ డ్వెక్ చేసిన ప్రయోగాల్లో తెలివిని పొగిడిన పిల్లల్లో ఎక్కువమంది తర్వాత సులువైన పజిల్సే ఎంచుకున్నారు, కష్టమైనవి ఇచ్చి మార్కులు తగ్గాక ఎంతొచ్చాయో ఎవరికో రాసి చెప్పమంటే వాళ్లలో దాదాపు 40 శాతం మంది పెంచి రాశారు. కష్టపడ్డావు అని పొగిడిన పిల్లల్లో అలా రాసినవాళ్లు చాలా తక్కువ. అలాగని తెలివిని పెంచుకోవచ్చు అని నేర్పే ఈ "ఎదిగే మనసు" ట్రైనింగులు ఒక గంట ఇస్తే అందరి మార్కులూ పెరిగిపోతాయనేది అతిశయోక్తి, 2018లో ఎన్నో పరిశోధనలు కలిపి లెక్కేస్తే సగటున వచ్చిన లాభం చిన్నదే. అందుకే గోడకి పోస్టర్ అంటించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. "ఈ లెక్క ఎలా పట్టుకున్నావు, చెప్పు" అని అడగడం మీద ఉంది.

గుండె దడ వచ్చినప్పుడు

పరీక్ష హాల్ బయట, ఇంటర్వ్యూ ముందు "కూల్‌గా ఉండు, కూల్‌గా ఉండు" అనుకోవడం దండగ, దడ ఆగదు సరికదా ఆగట్లేదని ఇంకో దడ. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో పాడేముందు, మాట్లాడేముందు, లెక్కలు చేసేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లు బాగా చేశారు. శరీరానికి భయంలోనూ హుషారులోనూ అదే దడ, పేరు మీరు పెట్టుకోవడమే. నేను పూల్ మెట్ల దగ్గర గొణుక్కుంటా, పక్కనోళ్లు చూస్తారు, చూడనీ.

ఇవన్నీ పనిచెయ్యని చోటు ఒకటుంది

నిద్ర సరిగ్గా లేకపోతే పైవన్నీ సగం పనే చేస్తాయి, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పడుకోండి. కానీ రెండు వారాలు దాటి రోజూ దిగులుగా ఉండి, ముందు ఇష్టంగా చేసే పనుల మీద కూడా మనసు పోకపోతే, ఆకలి నిద్ర తలకిందులైతే, అది యాటిట్యూడ్ సమస్య కాదు, నోట్‌బుక్‌తో పోదు, డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలని ఆలోచన వస్తుంటే ఈ రోజే, ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పి వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. అలాగే ఇంట్లో మనిషి పోయిన బాధలో ఉన్నవాళ్లకి దయచేసి ఇవేవీ చెప్పకండి, పాజిటివ్ అనే మాట అసలు ఎత్తకండి, పక్కన కూర్చోండి.

చివరి పని: నెల తర్వాత మొదటి పేజీ తెరవండి

తేదీ వేసి పెట్టుకున్న ఆ బోరింగ్ వాక్యం ఉంది కదా, దాని కింద ఈ రోజు తేదీ వేసి, ఇప్పుడు మీకు ఏం రావట్లేదో మళ్లీ రాయండి. ఏం వచ్చిందో కాదు, ఏం రావట్లేదో. వాక్యం మారిందా చూడండి. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంటే రెండో పని దగ్గరికి వెళ్లి సైజు ఇంకా సగానికి తగ్గించండి, లేదా నాలుగోది, పద్ధతి మార్చండి. నూటికి తొంభై సార్లు ఈ రెండిట్లో ఒకటే.

నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో పైన "నీళ్లంటే భయం, ఈత ఈ జన్మకి రాదు" అని ఉంది, కత్తిరించాక "మొహం నీళ్లలో పెట్టలేకపోతున్నా". దాని కింద నెలకి "గోడ వదిలితే 3 సెకన్లకంటే తేలలేకపోతున్నా". తర్వాత "కాళ్లు ఆడిస్తే మునుగుతున్నా". తర్వాత "ఒక చివర నుంచి రెండో చివరకి పోయేసరికి ఆయాసం". మొన్న రాసింది, "ఎడమ వైపు తిరిగి ఊపిరి తీసుకోవడం రావట్లేదు, కుడివైపే వస్తోంది". మా అన్నయ్య కూతురు అది చదివి, "ఇదేం పెద్ద ప్రాబ్లమ్ బాబాయ్, కుడివైపే తీసుకో" అంది.